గల్ఫ్‌లో చనిపోయిన మనిషిని ఊరికి తెచ్చుకోవడం ఎలా?

చావు కబురు కంపెనీ నుంచి రాదు. రూంలో ఉండే దోస్తో, పక్క ఊరి వాడో ఫోన్ చేస్తాడు. అదీ భార్యకు చేయడు. తమ్ముడికో, బావమరిదికో చేసి "అన్నకు కొంచెం సీరియస్‌గా ఉంది" అంటాడు. అసలు మాట రెండో ఫోన్‌లో బయటపడుతుంది. మా బావ సౌదీలో పోయినప్పుడు ఆ రెండు ఫోన్లూ నాకే వచ్చాయి. ఆయన ఇల్లు చేరడానికి ముప్పై ఎనిమిది రోజులు పట్టింది. విమానాలు రోజూ ఉన్నాయి, టికెట్ డబ్బు కంపెనీ ఇస్తానంది. ఇంటి నుంచి ఒక కాగితం వెళ్లాలి, ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అందుకే దాదాపు మూడు వారాలు పోయాయి.

ఆ తరవాత మా జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లలో ఇలాంటి కబురు వస్తే నన్ను పిలవడం అలవాటైంది. వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. ఎక్కువగా గల్ఫ్ సంగతి, అందులోనూ సౌదీ, దుబాయి. అమెరికాలో చదువుకునే పిల్లల విషయం చివర్లో కొంత చెబుతాను.

1. మొదటి ఫోన్‌లోనే అడగాల్సినవి

ఏడుపు ఆగదు, నిజమే. అయినా ఫోన్ పెట్టేసే ముందు ఈ విషయాలు రాసుకోండి. బాడీ ఇప్పుడు ఏ ఆసుపత్రి మార్చురీలో ఉంది? ఏ పట్టణం? ఎలా పోయాడు: నిద్రలో గుండె ఆగిందా, రోడ్డు ప్రమాదమా, పని చేసే చోట జరిగిందా, ఉరి లాంటిదా? పోలీసులు వచ్చారా? పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గరా, క్యాంపులోనా?

ఎలా పోయాడన్న దాన్ని బట్టే మొత్తం దారి మారుతుంది. ఆసుపత్రిలో జబ్బుతో పోతే పని తొందరగా అవుతుంది. దుబాయిలో అన్నీ సవ్యంగా ఉంటే కొద్ది రోజుల్లోనే పంపుతారు. సౌదీలో మామూలు చావుకే వారాలు పట్టవచ్చు. ప్రమాదమో, ఆత్మహత్యో, అనుమానమో ఉంటే పోలీసు రిపోర్టు చేతికి వచ్చేదాకా ఏదీ కదలదు. ఊళ్లో అందరూ "ఎప్పుడొస్తది" అని అడుగుతారు. తేదీ మాత్రం చెప్పకండి. తప్పిన తేదీ ఇంట్లో వాళ్లకు ఇంకో చావు లాంటిది.

రూం దోస్తులకు ఇంకో మాట చెప్పండి: ఫొటోలు గ్రూపుల్లో పెట్టొద్దని. మేం చెప్పేలోపే మా అక్క ఫోన్‌కు ఫొటో వచ్చేసింది.

2. ఇక్కడ ఒకరు, అక్కడ ఒకరు

ఇంటి తరఫున మాట్లాడే మనిషి ఒక్కడే ఉండాలి. నలుగురు నాలుగు చోట్లకు ఫోన్ చేస్తే ఎంబసీ వాళ్లు, కంపెనీ వాళ్లు, సంఘం వాళ్లు ఎవరికి జవాబు చెప్పాలో తెలియక ఎవరికీ చెప్పరు. కాస్త చదువుకున్న వాడు, వాట్సాప్, ఈమెయిల్ వాడటం వచ్చినవాడు, కోపం తక్కువ ఉన్నవాడు అయితే మేలు. ఆ కోపం సంగతి ఊరికే అనడం లేదు. పది రోజుల తరవాత కంపెనీ మందూబ్ (ఆఫీసుల చుట్టూ తిరిగి కాగితాల పని చూసే మనిషి) ఫోన్ ఎత్తకపోతే తిట్టాలనిపిస్తుంది. తిడితే ఆ తరవాత అసలే ఎత్తడు.

అక్కడ కూడా అలాంటి మనిషి ఒకరు కావాలి. కంపెనీ మందూబ్ అయినా సరే, అదే పట్టణంలో అకామా (అక్కడి నివాస కార్డు) ఉన్న బంధువైనా సరే, తెలుగు సంఘం కార్యకర్త అయినా సరే. ఆసుపత్రికి, పోలీస్ స్టేషన్‌కు, జవాజాత్‌కు (పాస్‌పోర్టు, వీసాల ఆఫీసు) కాళ్లతో తిరిగే వాడు అతనే. అందుకే ఇంటివాళ్లు ఇచ్చే అధికార పత్రం అతని పేరు మీద ఉండాలి. నమ్మకం లేని వాడి పేరు రాయకండి. ఆ కాగితంతో అతను మీ బదులు సంతకం పెట్టగలడు. కంపెనీ మనిషి పేరే రాయాల్సి వస్తే, కాగితంలో ఏముండాలో ఏముండకూడదో కింద చెప్పాను, అది తప్పకుండా చూడండి.

3. భార్యకు చెప్పండి

మన ఊళ్లలో బాడీ వచ్చే రోజు దాకా భార్యకు, తల్లికి చెప్పకుండా దాస్తారు. తల్లి విషయంలో మీ ఇష్టం, ఆమె గుండె సంగతి మీకే తెలుసు. భార్య దగ్గర మాత్రం దాచొద్దు. చట్టప్రకారం మొదటి వరుస వారసుల్లో ఆమె ఉంటుంది. సమ్మతి పత్రం మీద సంతకం ఆమెదే కావాలి. దాచిపెట్టి అన్నదమ్ములే సంతకాలు చేసి పంపితే ఎంబసీ వెనక్కి పంపుతుంది. "ఏదో బ్యాంకు కాగితం" అని చెప్పి వేలిముద్ర వేయించిన ఇల్లు కూడా నేను చూశాను. ఆ తరవాత ఆమె జీవితాంతం ఆ ఇంటివాళ్లను నమ్మలేదు. పెళ్లి కాని వాడైతే తల్లిదండ్రుల సంతకం కావాలి.

4. ఎంబసీకి తెలియజేయడం

చావు జరిగిన చోటును బట్టి ఆఫీసు మారుతుంది. సౌదీలో రియాద్, దమ్మాం వైపు అయితే రియాద్‌లోని భారత ఎంబసీ. జెద్దా, మక్కా, మదీనా, అభా, తబూక్ వైపు అయితే జెద్దా కాన్సులేట్. అబుదాబి, అల్ ఐన్‌కు అబుదాబి ఎంబసీ. దుబాయి, షార్జా, అజ్మాన్, రస్ అల్ ఖైమా లాంటి మిగతా ఎమిరేట్లకు దుబాయి కాన్సులేట్. తప్పు ఆఫీసుకు మెయిల్ పెట్టి వారం రోజులు ఎదురుచూసిన వాళ్లున్నారు.

ప్రతి ఎంబసీలోనూ మరణాల పని చూసే విభాగం ఉంటుంది, ఆ నంబరు వాళ్ల వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. ఫోన్ చేయండి, అదే రోజు మెయిల్ కూడా పెట్టండి. మెయిల్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. ఊళ్లో అందరికీ రాజన్న, పాస్‌పోర్టులో రాజేశం, అకామాలో అరబ్బీ వాళ్లు రాసుకున్న ఇంకో రూపం. ఇలా మూడు పేర్లుంటే మూడు మనుషులవుతారు. పాస్‌పోర్టు నంబరు, అకామా నంబరు, కంపెనీ పేరు, మార్చురీ పేరు, మీ ఫోన్ నంబరు, ఇవి చాలు. కథంతా రాయనక్కర్లేదు.

దీంతోపాటు విదేశాంగ శాఖ వాళ్ల మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. 2015 నుంచి నడుస్తున్న ఆన్‌లైన్ వ్యవస్థ ఇది. ఒక నంబరు ఇస్తుంది. తరవాత ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లినా, కలెక్టర్ దగ్గరికి వెళ్లినా ఆ నంబరు చూపిస్తే మాటకు బలం ఉంటుంది. ఆన్‌లైన్ చేతకాకపోతే ఢిల్లీలోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090కు ఫోన్ చేయండి. దుబాయిలో ఉన్నవాళ్లకు అలాంటిదే 800 46342.

తెలంగాణ వాళ్లయితే సచివాలయంలో సాధారణ పరిపాలన శాఖ కింద ఉన్న ఎన్నారై సెల్‌కు, ఆంధ్ర వాళ్లయితే తాడేపల్లిలో ప్రవాసాంధ్రుల పని చూసే ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీకి కూడా అదే మెయిల్ పెట్టండి. వీళ్లతో అసలు పని చివర్లో, ఎయిర్‌పోర్టులో పడుతుంది. అప్పటికి మీ పేరు వాళ్ల దగ్గర ఉండాలి.

ఎంపీకి, మంత్రికి ఫోన్ చేయిస్తే పనవుతుందా అని అందరూ అడుగుతారు. ఆగిపోయిన ఫైలు కదులుతుంది, అది నిజం. కాగితమే లేని ఫైలును మంత్రి కూడా కదపలేడు.

5. ఇంటి నుంచి పంపాల్సిన కాగితాలు

మా మూడు వారాలు పోయింది ఇక్కడే.

మొదటిది సమ్మతి పత్రం. భర్త లేదా కొడుకు ఫలానా చోట చనిపోయాడు, బాడీని భారతదేశం పంపండి, ఇక్కడ తీసుకునే వ్యక్తి ఫలానా, దిగాల్సిన విమానాశ్రయం ఫలానా అని అందులో ఉండాలి. రెండోది అధికార పత్రం, అంటే పవర్ ఆఫ్ అటార్నీ. అక్కడ తిరిగే మనిషికి అధికారం ఇచ్చేది అదే. సౌదీలో ఇది లేకుండా పని మొదలే కాదు. ఎంబసీ వెబ్‌సైట్‌లో నమూనా ఉంటుంది. మీ ఊరి డాక్యుమెంట్ రైటర్ సొంతంగా రాసిస్తానంటే వద్దనండి, ఆ నమూనానే టైపు చేయించి స్టాంపు పేపర్ మీద నోటరీ చేయించండి. స్కాన్ పంపితే చాలా, ఒరిజినల్ కావాలా, దాని మీద ఇంకో ముద్ర ఏదైనా పడాలా అన్నది ఎంబసీని ముందే అడిగి తెలుసుకోండి. అడగకుండా కొరియర్ చేసి, అది వెళ్లాక "ఈ ముద్ర లేదు" అనిపించుకుంటే మళ్లీ మొదటికొస్తుంది.

మూడోది కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం. మీసేవలో దరఖాస్తు పెట్టి తహసీల్దార్ దగ్గర తీసుకోవాలి. బాడీ రావడానికి వెంటనే అడగకపోయినా జీతం బకాయికి, బీమాకు, ఎక్స్‌గ్రేషియాకు ఇదే ఆధారం. మొదటి వారంలోనే పెట్టేయండి. వీటితోపాటు సంతకం పెట్టిన వాళ్ల ఆధార్, బాడీ తీసుకునే మనిషి ఆధార్, చనిపోయిన మనిషి పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు. చివరి పేజీలో భార్య పేరు లేకపోతే పెళ్లి ఆధారం కూడా అడుగుతారు.

అన్నిటినీ ఒకటే పీడీఎఫ్ చేసి ఫోన్‌లో పెట్టుకోండి. వంకరగా తీసిన ఫొటోలు పంపకండి. మీసేవ పక్కనున్న జిరాక్స్ షాపులో శుభ్రంగా స్కాన్ చేసిస్తారు.

6. సంతకం పెట్టే ముందు

ఈ ఒక్క భాగం రెండుసార్లు చదవండి.

బాడీ త్వరగా రావాలన్న తొందరలో ఇంటివాళ్లు ఏ కాగితం పెట్టినా సంతకం చేస్తారు. కొన్ని కంపెనీలు దీన్నే వాడుకుంటాయి. పంపమని కోరే పత్రంలోనే ఒక మూల "మాకు రావాల్సినవన్నీ ముట్టాయి, ఇక ఏ క్లెయిమూ లేదు" అన్న వాక్యం పెడతాయి. ఆ పత్రం ఇంగ్లీషులో, అరబ్బీలో ఉంటుంది. మా బావ విషయంలో వచ్చిన కాగితంలో కూడా ఆ వాక్యం ఉంది. మా ఊరి స్కూలు టీచర్ చదివి చెప్పాడు కాబట్టి ఆగాం. దాన్ని కొట్టేయించి, బాడీ పంపడానికి మాత్రమే సమ్మతి అని రాసి పంపాం. కంపెనీ రెండు రోజులు అలిగి, తరవాత ఒప్పుకుంది.

రావాల్సిన జీతం, సర్వీసు డబ్బు, ప్రమాదమైతే పరిహారం, ఇవన్నీ బాడీ వచ్చిన తరవాత కూడా ఎంబసీ ద్వారా వసూలు చేసుకోవచ్చు. సౌదీలో రోడ్డు ప్రమాదమైతే తప్పు ఎవరిది ఎంత శాతం అని ట్రాఫిక్ పోలీసులు రాస్తారు. పరిహారం, అంటే దియా, దాన్ని బట్టే ఉంటుంది. ఆ కేసు చాలా కాలం నడుస్తుంది. ఎంబసీ పేరు మీద అధికార పత్రం ఇచ్చి వదిలేయడమే మంచిది. ఆ డబ్బు ఎంబసీ నుంచి జిల్లా కలెక్టర్ ద్వారా వారసులకు అందిన సందర్భాలు మా జిల్లాలో ఉన్నాయి.

ఇంకో జాగ్రత్త ఉంది. చావు మీద మీకు అనుమానం ఉంటే ఎంబామింగ్ కాకముందే ఎంబసీకి రాతపూర్వకంగా చెప్పండి. ఎంబామింగ్ అంటే బాడీ చెడిపోకుండా రసాయనాలు ఎక్కించడం. ఆ తరవాత విష పరీక్షల్లాంటివి సరిగా తేలవు. ఇక్కడికి వచ్చాక మళ్లీ పోస్టుమార్టం చేయించినా దొరికేది తక్కువ.

7. అక్కడ జరిగే పని

వరస తెలిస్తే ఎక్కడ ఆగిందో అడగడం సులువవుతుంది. సౌదీలో ఆసుపత్రి మరణ రిపోర్టు ఇస్తుంది, పోలీసులు లేఖ ఇస్తారు, అహ్వాల్ (జనన మరణాలు నమోదు చేసే) ఆఫీసులో మరణ ధ్రువీకరణ పత్రం తీస్తారు, జవాజాత్‌లో ఎగ్జిట్ (దేశం వదిలి వెళ్లే అనుమతి) కొడతారు. ఎంబసీ చావును నమోదు చేసి, పాస్‌పోర్టు రద్దు చేసి, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇస్తుంది. తరవాత ఎంబామింగ్, పెట్టె, కార్గో బుకింగ్. దుబాయిలో ఆఫీసుల పేర్లు వేరు, వరస దాదాపు ఇంతే. అక్కడ ఎంబామింగ్ ముహైస్నాలో, అంటే మనవాళ్లు సోనాపూర్ అనే చోట చేస్తారు. బతికున్నన్నాళ్లు లేబర్ క్యాంపుకు వెళ్లే దారీ అదే.

"పని ఎంతవరకు వచ్చింది" అని అడిగితే "అవుతుంది" అనే చెబుతారు. "పోలీసు లేఖ వచ్చిందా? ఎన్‌ఓసీ వచ్చిందా?" అని ఒక్కో కాగితం పేరు పెట్టి అడగండి. వచ్చినదాని ఫొటో పెట్టమనండి.

ఖల్లివల్లి అయిన వాళ్ల సంగతి వేరు. కఫీల్‌ను వదిలి వెళ్లి బయట పని చేసుకునే వాడి మీద హురూబ్ (పారిపోయాడన్న ఫిర్యాదు) రాసి ఉంటుంది, అకామా గడువు తీరి ఉంటుంది. కఫీల్ నా మనిషి కాదంటాడు. భయపడి దాచకండి, మొదటి మెయిల్‌లోనే ఎంబసీకి చెప్పండి. చనిపోయిన వాడిని ఎవరూ జైల్లో వేయరు. దాచితే మాత్రం జవాజాత్‌లో పది రోజులు వృథా అవుతాయి. దేహం వేరొకరి పేరు మీద ఆసుపత్రిలో ఉండే ప్రమాదం కూడా వీళ్లకే ఎక్కువ, ఎందుకంటే దోస్తు కార్డు మీద చేర్పించి ఉంటారు. అలా జరిగిందేమో రూం వాళ్లను నిలదీసి అడగండి.

8. ఖర్చు ఎవరిది

సౌదీ కార్మిక చట్టం 40వ ఆర్టికల్ ప్రకారం బాడీని సిద్ధం చేసి సొంత దేశానికి పంపే ఖర్చు యజమానిదే. కుటుంబం ఒప్పుకుని అక్కడే ఖననం చేస్తే తప్ప. కంపెనీ వాడు ఉపకారం చేస్తున్నట్టు మాట్లాడితే ఈ సంగతి గుర్తుంచుకోండి. యూఏఈలో కూడా ఈ బాధ్యత యజమాని మీదే ఉంది.

యజమాని చేతులెత్తేస్తే, లేదా యజమానే లేకపోతే, ఎంబసీ దగ్గర భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. 2009లో పెట్టారు. నిజంగా ఆధారం లేని వాళ్లకే ఇస్తారు. కాబట్టి కంపెనీ కాదన్న సంగతి, ఇంటి ఆర్థిక పరిస్థితి రాసి అడగాలి. అడగకుండా ఇవ్వరు.

తెలియని నంబర్ నుంచి ఫోన్ చేసి "బాడీ ఎయిర్‌పోర్టులో ఆగింది, ఇరవై వేలు ఫోన్‌పే చేయండి" అంటే నమ్మొద్దు. చావు ఇంట్లో కూడా మోసం చేసేవాళ్లున్నారు. అక్కడ డబ్బు ఎవరు కట్టినా రసీదు అడగండి, సంఘం వాళ్లయినా సరే. మంచివాళ్లు అడగకముందే పంపుతారు.

ప్రభుత్వమే ప్రత్యేక విమానం పెట్టి తెస్తుందా అని కూడా అడుగుతుంటారు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే భవనం కాలిపోయి 45 మంది భారతీయులు చనిపోయినప్పుడు వైమానిక దళ విమానం రెండు రోజుల్లో తెచ్చింది. ఆ మృతుల్లో ముగ్గురు ఆంధ్ర వాళ్లు. అది పెద్ద ప్రమాదం. ఒక్కడు పోయినప్పుడు అతను మామూలు ప్రయాణికుల విమానంలోనే, కింద కార్గోలో వస్తాడు.

9. అక్కడే అంత్యక్రియలు చేయించాలా?

ఈ ఆలోచన చెబితే ఇంట్లో వాళ్లు కొట్టొస్తారు. అయినా చెప్పాలి. ముస్లిం కుటుంబాలు చాలామంది సౌదీలోనే ఖననానికి ఒప్పుకుంటారు. దానికీ సమ్మతి పత్రం కావాలి. హిందువులకు సౌదీలో దహనం చేసే వీలు లేదు. దుబాయిలో జెబెల్ అలీ దగ్గర శ్మశానం ఉంది, దహనం చేసి అస్థికలు పంపుతారు. బాడీ నెలల తరబడి మార్చురీలో ఉండి గుర్తుపట్టలేని స్థితిలో ఉంటే, అస్థికలు తెచ్చుకోవడం తప్పు కాదని నా అభిప్రాయం. అస్థికలతో పాటు మరణ ధ్రువీకరణ పత్రం, దహనం చేసిన పత్రం, కాన్సులేట్ ఎన్‌ఓసీ ఉంటే మనిషే చేతిలో తెచ్చుకోవచ్చు.

10. శంషాబాద్‌లో

ఎయిర్ వే బిల్ (విమాన కార్గో రసీదు) నంబరు పదకొండు అంకెలు ఉంటుంది. అది వచ్చిందంటే బాడీ బయల్దేరినట్టే లెక్క. ఆ నంబరు, విమానం నంబరు, దిగే టైం ఎన్నారై సెల్‌కు లేదా ఏపీఎన్‌ఆర్‌టీకి వెంటనే పంపండి. ఎయిర్‌పోర్టు నుంచి ఊరి దాకా ఉచిత అంబులెన్స్ రెండు ప్రభుత్వాలూ ఇస్తున్నాయి. కడప, రాయచోటి వాళ్లకు చెన్నై, బెంగళూరు దగ్గర. దిగాల్సిన ఎయిర్‌పోర్టు సమ్మతి పత్రంలోనే సరిగ్గా రాయించి ఉండాలి.

విదేశం నుంచి వచ్చే మృతదేహానికి ఇక్కడి ఎయిర్‌పోర్టు ఆరోగ్య అధికారి అనుమతి ఇవ్వాలి. 2023 ఆగస్టు నుంచి దీన్ని ఈ-కేర్ అనే పోర్టల్‌లో చేస్తున్నారు. మరణ ధ్రువీకరణ పత్రం, ఎంబామింగ్ సర్టిఫికెట్, ఎంబసీ ఎన్‌ఓసీ, రద్దయిన పాస్‌పోర్టు కాపీ, ఈ నాలుగూ అందులో ఎక్కించాలి. ఎవరు ఎక్కిస్తున్నారో విమానం ఎక్కకముందే అక్కడి మనిషిని అడగండి. ఎవరూ ఎక్కించకపోతే మీరే ఎక్కించవచ్చు.

ప్రయాణికులు బయటికొచ్చే చోటికి వెళ్లకండి. కార్గో టెర్మినల్ వేరే ఉంది. కాగితంలో తీసుకునే వాడిగా ఎవరి పేరుందో ఆ మనిషే ఒరిజినల్ ఆధార్‌తో వెళ్లాలి. ముందు ఎయిర్‌లైన్ కార్గో ఆఫీసులో డెలివరీ ఆర్డర్, తరవాత కస్టమ్స్, ఆరోగ్య అధికారి అనుమతి, చివర్లో గేటు. విమానం దిగాక గంటలు పడుతుంది. ఇద్దరు ముగ్గురు చాలు, కానీ గట్టివాళ్లు ఉండాలి. పెట్టె వందకు పైగా కిలోలు ఉంటుంది. ఆడవాళ్లను, పిల్లలను తీసుకెళ్లకండి. అక్కడ కూర్చోవడానికి చోటు కూడా సరిగా ఉండదు.

గేటు దాటకముందే పెట్టె మీది పేరు, పాస్‌పోర్టు నంబరు చూసుకోండి. పెట్టెలు మారిపోయి ఒకరి ఊరికి ఇంకొకరు వెళ్లిన సంఘటనలు జరిగాయి.

11. ఇంటి దగ్గర

పెట్టె లోపల లోహపు రేకు ఉంటుంది, విప్పడానికి పనిముట్లు కావాలి. ఊళ్లో వెల్డింగ్ పని తెలిసిన వాడిని, ఒక వడ్రంగిని ముందే పిలిచి ఉంచండి. ఇంటి ముందు అందరూ ఏడుస్తుంటే సుత్తి కోసం వెతుక్కోవడం ఎంత ఘోరమో నేను చూశాను.

ముందు ఒకరిద్దరు మగవాళ్లు మాత్రమే చూడండి. రంగు మారి ఉండొచ్చు, ముఖం ఉబ్బి ఉండొచ్చు, రసాయనాల వాసన ఘాటుగా ఉంటుంది. చూపించే స్థితిలో ఉంటే తల్లికి, భార్యకు ముఖం చూపించండి. చూడకపోతే వాళ్లకు నమ్మకం కుదరదు, ఇంకా ఎక్కడో బతికే ఉన్నాడనుకుంటారు. చూపించలేని స్థితిలో ఉంటే ఆ సంగతి మెల్లగా చెప్పి చేతినో, పాదాన్నో చూపించండి. మా అక్క కాలివేలి మచ్చ చూసి గుర్తుపట్టింది.

మైల ఎప్పటి నుంచి లెక్క, పదకొండో రోజు ఎప్పుడు అన్నదాని మీద ఇంటింటికో మాట ఉంటుంది. చనిపోయి నెల దాటితే పెద్దలు గొడవ పడతారు. బాడీ రాకముందే మీ పురోహితుణ్ణి అడిగి ఒక మాట తేల్చుకోండి. దహనానికి రేకు పెట్టె అలాగే పెట్టకూడదు, దేహాన్ని బయటికి తీయాలి.

అమెరికాలో అయితే

అక్కడ జవాజాత్ లాంటి గొడవ లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు, ప్రమాదంలో, లేదా ఉన్నట్టుండి పోతే బాడీ కౌంటీ మెడికల్ ఎగ్జామినర్ (చావు కారణం తేల్చే అధికారి) దగ్గరికి వెళ్తుంది. వాళ్లు వదిలాక పనంతా ఫ్యునరల్ హోం చేస్తుంది: ఎంబామింగ్, పెట్టె, కాన్సులేట్ కాగితాలు, కార్గో. తల్లిదండ్రులు ఇక్కడి నుంచే సంతకం చేసి అధికారం ఇవ్వొచ్చు. రెండు మూడు ఫ్యునరల్ హోంలను ధర అడగండి, ఇండియాకు పంపిన అనుభవం ఉందా అని అడగండి. తేడా చాలా ఉంటుంది.

చందాల పేజీ తెరిచే ముందు యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకు మెయిల్ పెట్టండి. విద్యార్థి ఆరోగ్య బీమాలో మృతదేహాన్ని సొంత దేశానికి పంపే ఖర్చు చాలాసార్లు కలిసే ఉంటుంది. ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాంలో వెళ్లే జే-1 వీసా వాళ్లకైతే కనీసం 25,000 డాలర్ల ఈ కవరేజీ నిబంధనలోనే ఉంది. అమెరికాలోని తెలుగు సంఘం తానా వాళ్ల టీమ్ స్క్వేర్ లాంటి బృందాలు ఇలాంటి సమయంలో దారి చూపిస్తాయి. చందాలు పోగు చేస్తే ఆ డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్తుందో మొదటిరోజే రాసుకోండి. తరవాత మనసులు విరుగుతాయి.

చావుకు కారణం తేలకపోతే "పెండింగ్" అని రాసి మరణ ధ్రువీకరణ పత్రం ఇస్తారు. బాడీ రావడానికి అది అడ్డు కాకపోవచ్చు గానీ, బీమాకు, ఎడ్యుకేషన్ లోన్ పనికి తరవాత వచ్చే పూర్తి పత్రమే కావాలి. దాని సర్టిఫైడ్ కాపీలు పదైనా తీయించండి.

తరవాతి కాగితాలు

చావు విదేశంలో జరిగింది కాబట్టి గ్రామ పంచాయతీ మరణ ధ్రువీకరణ పత్రం ఇవ్వదు. ఎంబసీ నమోదు చేసి ఇచ్చిన పత్రమే ఇక్కడ చెల్లుతుంది. దాన్ని, రద్దయిన పాస్‌పోర్టును లామినేషన్ చేయించకుండా జాగ్రత్త చేయండి.

ఈసీఆర్ (పనికి వెళ్లే ముందు ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవాల్సిన) పాస్‌పోర్టు మీద ఆ అనుమతితో వెళ్లిన వాడైతే ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పకుండా ఉంటుంది. ప్రమాదంలో పోతే 10 లక్షలు. ఎంతోమంది ఇళ్లలో ఆ పాలసీ కాగితం పెట్టె అడుగున ఉంటుంది, చదివిన వాడుండడు. గడువు చూడండి, రెండు మూడేళ్లకే ఉంటుంది. ఆంధ్ర వాళ్లు ప్రవాసాంధ్ర భరోసా బీమా కట్టారేమో చూసుకోండి. తెలంగాణలో గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఉంది, దరఖాస్తు కలెక్టర్ ఆఫీసులో. దీనికి గడువు ఉంటుంది, దినాలు అయ్యాక చూద్దాంలే అని నెలలు జరపొద్దు.

చివరగా అతని సామాను. రూంలో ఒక సూట్‌కేసు, పరుపు కింద కొన్ని కాగితాలు, ఒక ఫోన్ ఉంటాయి. సెలవు మీద వచ్చే ఊరి వాడితో పంపమనండి. ఫోన్‌ను మాత్రం ఎవరికీ ఇవ్వొద్దని, రీసెట్ చేయొద్దని, అక్కడి సిమ్ తీసి పారేయొద్దని రూం దోస్తులకు మొదటి వారంలోనే చెప్పండి. జీతం పడ్డ మెసేజ్‌లు, బ్యాంకు ఓటీపీలు, కఫీల్‌తో మాట్లాడిన ఆడియోలు అన్నీ దాంట్లోనే ఉంటాయి. మా బావకు మూడు నెలల జీతం బాకీ ఉందని కంపెనీ ఒప్పుకున్నది ఆ ఫోన్‌లో దొరికిన రెండు ఆడియోల వల్లే.